ప్రజావాణి, వార్డు మీటింగ్, శాంతి కమిటీ, ఓటరు జాబితా: ఏ పని ఎక్కడ అడగాలె? (హన్మకొండ, భీమారం వైపు)

భీమారం_కాలనీ:
అందరికి నమస్తే. మాది కరీంనగర్ రోడ్డు మీద భీమారం దగ్గర కొత్త కాలనీ. సంఘం పెట్టుకున్నం గని ఇంకా రిజిస్టర్ కాలేదు. వానలు మొదలైన కాడి నుంచి దసరా దాకా మీటింగుల మీద మీటింగులు ఉంటయి, పోయి అడగండి అంటున్నరు. ఏ మీటింగ్‌ల ఏం అడగాలెనో, తారీఖు ముందుగాల ఎట్ల తెలుస్తదో ఎవరూ సరిగ్గ చెప్తలేరు.

మా పనులు ఇవి: మెయిన్ రోడ్డు పక్క కాలువ పొంగి నీళ్లు లోపలి వీధుల్లకు వస్తున్నయి. వీధిలైట్లు కొన్ని వెలుగుతలేవు. ఒక కరెంటు స్తంభం ఒరిగింది. కొన్ని ఇండ్ల ఓట్లు పక్క డివిజన్‌ల పడ్డయి. ఇవిగాక గణపతి మండపం, బతుకమ్మ ఆడే కాడ లైట్లు. ఇదివరకు గ్రామసభ ఉండేదట, ఇప్పుడు అది ఉంటదా? ఒక్క కాయితం మీద అన్నీ రాసి కలెక్టర్‌కు ఇస్తే సరిపోతదా?

పాత_బల్దియా:
ముందు గ్రామసభ సంగతి. 2013లో చుట్టుపక్కల 42 గ్రామాలు వరంగల్ బల్దియాలో (నగరపాలక సంస్థలో) కలిశాయి. కలిసిన ఊర్లకు పంచాయతీ లేదు కాబట్టి గ్రామసభ కూడా లేదు. ఇప్పుడు మీకు ఉన్నది డివిజన్, అంటే బల్దియా వార్డు. పాత అలవాటు కొద్దీ పంచాయతీ కార్యదర్శి కోసం వెతికేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

మన నగరంలో మెలిక ఏమిటంటే బల్దియా ఒకటే, కలెక్టర్లు ఇద్దరు. 2021 ఆగస్టులో జిల్లాల పేర్లు, హద్దులు మారాక హన్మకొండ, కాజీపేట, హసన్‌పర్తి మండలాలు హనుమకొండ జిల్లాలో, వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు వరంగల్ జిల్లాలో ఉన్నాయి. పోలీసు మాత్రం రెండు జిల్లాలకూ, జనగామకూ కలిపి ఒకటే కమిషనరేట్. మీది హసన్‌పర్తి మండలం కిందికి వస్తే మీ ప్రజావాణి (సోమవారం కలెక్టర్ దరఖాస్తులు తీసుకునే కార్యక్రమం) సుబేదారిలోని హనుమకొండ కలెక్టరేట్‌లో. శివనగర్, కరీమాబాద్ వాళ్లు సుబేదారికి వచ్చి లైన్‌లో నిలబడి, "మీది అటు" అనిపించుకుని వెనక్కి పోవడం మామూలే.

ఇంకొకటి, అన్ని పనులకూ కలెక్టర్ అవసరం లేదు. భూమి, సర్వే, రేషన్ కార్డు, పింఛన్ లాంటివి కలెక్టరేట్. రోడ్డు, డ్రైనేజీ, చెత్త, లైట్లు, నల్లా, ఇంటి పన్ను అయితే బల్దియా. సోమవారం బల్దియా ప్రధాన కార్యాలయంలో కూడా దరఖాస్తులు తీసుకుంటారు, దాన్ని గ్రీవెన్స్ అంటారు. లైటు వెలగట్లేదని కలెక్టర్‌కు ఇచ్చినా ఆ కాయితం చివరికి బల్దియాకే వస్తుంది. మధ్యలో వారం, పది రోజులు పోతాయి, అంతే తేడా.

మీ కాలువ పని తేలిగ్గా తెగేది కాదు. కరీంనగర్ రోడ్డు 563 నంబరు జాతీయ రహదారి. రోడ్డు పక్క కాలువ రహదారి వాళ్లదా, బల్దియాదా అన్నది తేలకుండా ఎవరికి రాసినా "మా పరిధి కాదు" అన్న జవాబే వస్తుంది. అందుకని ఈ ఒక్కటి మాత్రం కలెక్టర్ ప్రజావాణిలోనే ఇవ్వండి. రెండు శాఖలనూ ఒకే చోట కూర్చోబెట్టి చెప్పగలిగేది అక్కడే. "రహదారి అధికారి, బల్దియా ఇంజినీరు కలిసి స్థలం చూసి, కాలువ ఎవరి పరిధో రాతపూర్వకంగా తేల్చాలి" అని అడగండి. "కాలువ బాగు చేయండి" అని రాస్తే ఎవరో ఒకరు పూడిక తీసి ఫొటో పెట్టి ఫైలు మూసేస్తారు.

హంటర్‌రోడ్:
పైన చెప్పినదానికి కొనసాగింపుగా, అన్నీ ఒక్క కాయితం మీద రాయొద్దు. అసలు చిక్కంతా అక్కడే వస్తది. కౌంటర్ దగ్గర ఆపరేటర్ దరఖాస్తుకు ఒక్క శాఖనే ఎంచుకుంటడు. మీరు కాలువ, లైటు, స్తంభం మూడూ రాస్తే మొదటి దాని శాఖకే పోతది. ఆ శాఖ తన ముక్క వరకు జవాబు రాసి మూసేస్తది, మిగతా రెండూ ఎవరి లెక్కలోకీ రావు. పనికో కాయితం, ప్రతి కాయితం రెండు కాపీలు.

ప్రతి దాంట్లో ఉండాల్సినవి: డివిజన్ నంబరు, వీధి, దగ్గర్లోని ఇంటి నంబరు, లైటు లేదా స్తంభం అయితే స్తంభం మీద రాసిన నంబరు, భూమి అయితే సర్వే నంబరు, ఫోన్ నంబరు, పగటిపూట తీసిన ఒకటి రెండు ఫొటోల ప్రింటు. ఆధార్ జిరాక్స్ దగ్గర ఉంచుకోండి, అడుగుతారు. ఒరిజినల్ పత్రాలు మాత్రం ఒక్కటి కూడా లోపలికి ఇవ్వొద్దు. విషయం పేజీలో సగానికి మించితే చదివేవాళ్లు ఉండరు. మొదటి వాక్యంలోనే పని ఏందో రాయాలె, చరిత్ర కిందికి.

ప్రజావాణి ఉదయం పదిన్నర ప్రాంతంలో మొదలవుతది. రిజిస్ట్రేషన్ కౌంటర్ కాడ ఎంట్రీ చేసి నంబరున్న రసీదు ఇస్తరు. ఆ రసీదు చేతికి రాకుండా అధికారి చేతిలో కాయితం పెట్టి దండం పెట్టి వస్తే, మీరు ఇచ్చినట్టు రేపు ఆధారం ఉండదు. జనం చేసేది అదే మరి, కలెక్టర్ గారు తీసుకుని సంతకం పెట్టిండ్రు కదా అని కౌంటర్ వైపు చూడరు.

మళ్లీ పోవాల్సి వస్తే కొత్త దరఖాస్తు పెట్టకండి. పాత నంబరు రాసి, పాత రసీదు జిరాక్స్ జతచేసి, "ఫలానా నంబరు దరఖాస్తు పని కాకుండానే పరిష్కారమైనట్టు మూసేశారు, మళ్లీ తెరవండి" అని రాయాలె. కొత్తది ఇస్తే అది మొదటిసారి వచ్చిన సమస్యలాగే లెక్క.

సోమవారం సెలవు వచ్చినా, ఎన్నికల కోడ్ ఉన్నా ప్రజావాణి ఉండదు. ఆ సంగతి ముందురోజు సాయంత్రం పౌరసంబంధాల అధికారి ప్రకటనలో వస్తది, తెల్లారి పేపర్ జిల్లా పేజీలో చిన్న అక్షరాలతో పడతది. వాట్సాప్‌లో తిరిగే పోస్టర్‌ను నమ్మి బయల్దేరొద్దు. పోయినేడు పోస్టర్‌ను ఈ ఏడు కూడా పంపేటోళ్లు ఉంటరు, వాటి మీద తారీఖు ఉంటది గని సంవత్సరం ఉండదు. తారీఖు, వారం రెండూ క్యాలెండర్‌తో కలుస్తున్నయా చూసుకుంటే సగం దొంగ పోస్టర్లు అక్కడే దొరుకుతయి.

రంగంపేట_టీచర్:
వార్డు కమిటీల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తాను. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలి: యువజనులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులు. ఒక్కోదాంట్లో 15 మంది. మూడు నెలలకోసారి కూర్చోవాలి. మన బల్దియాలో 66 డివిజన్లు, ఆ లెక్కన ఇవి ఎన్ని ఉండాలో మీరే చూడండి. చాలామందికి తమ పేరు కమిటీలో ఉన్న సంగతే తెలియదు, పేర్లు కాయితం మీదే ఉండిపోతాయి.

మీ డివిజన్‌లో కమిటీ ఉందా, ఎవరున్నారు, చివరిగా ఎప్పుడు కూర్చున్నారు అనేది నోటిమాటగా అడిగితే జవాబు రాదు. సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. బల్దియాకు పది రూపాయల రుసుము, కోర్టు ఫీజు స్టాంపు అతికించినా చెల్లుతుంది. తహసీల్దార్ ఆఫీసుకైతే ఐదు రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రాకపోతే తర్వాతి 30 రోజుల్లో అదే ఆఫీసులోని అప్పిలేట్ అధికారికి మొదటి అప్పీలు. "ఎందుకు కూర్చోలేదు" అని అడగకండి. కారణాలు చెప్పడం ఆ చట్టం పని కాదు, రికార్డు ఇవ్వడమే పని. "ఫలానా డివిజన్ వార్డు కమిటీల సభ్యుల జాబితా, గత నాలుగు సమావేశాల హాజరు పట్టిక, తీర్మానాల నకలు ఇవ్వండి" అని రాయాలి. కమిటీ కూర్చోకపోతే "రికార్డు లేదు" అని వాళ్లే రాసి ఇస్తారు, ఆ కాయితం ఆ తర్వాత అన్ని చోట్లా పనికొస్తుంది.

మీటింగ్ జరిగినప్పుడు జాగ్రత్తగా ఉండాల్సింది హాజరు పుస్తకం దగ్గర. ముందు సంతకాలు తీసుకుని, తీర్మానాలు తర్వాత తీరిగ్గా రాయడం ఎక్కడైనా ఉన్న అలవాటే. తీర్మానం చదివి వినిపించాకే సంతకం చేస్తామని చెప్పండి. కుదరకపోతే సంతకం పక్కన తారీఖు, సమయం వేసి, పేజీ ఫొటో తీసుకోండి. పేజీలో ఖాళీ ఉంటే కింద గీత కొట్టమనండి.

పాలకవర్గం ఉంటే పని జనరల్ బాడీ ఎజెండాలోకి ఎక్కాలి. అది కార్పొరేటర్ ద్వారానే, అదీ మీటింగ్‌కు తగినంత ముందు, రాతలో. పాలకవర్గం లేని కాలంలో ప్రత్యేకాధికారిదే నిర్ణయం. అప్పుడు కార్పొరేటర్‌గా ఉన్నవాళ్లు ఇచ్చే హామీకి ఆఫీసులో విలువ ఉండదు. పనులన్నీ డివిజన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) అంచనాతోనే మొదలవుతాయి కాబట్టి మీ కాయితం మీద "అంచనా తయారు చేయాలి" అన్న ఎండార్స్‌మెంట్ పడేదాకా వదలకండి.

సంఘం రిజిస్ట్రేషన్ ఆలస్యం చేయకండి. 2001 సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు చాలు. ఏటా కార్యవర్గం జాబితా దాఖలు చేయాలి, ఇక్కడే చాలా సంఘాలు నిద్రపోతాయి. రిజిస్టర్ కాని సంఘం లెటర్‌ప్యాడ్ మీద రాస్తే అది ఒక మనిషి ఇచ్చిన దరఖాస్తుగానే పరిగణిస్తారు. మీ దగ్గర పదిమంది ఉన్నారని తెలియాలంటే రిజిస్ట్రేషన్ నంబరు, తీర్మానం నకలు జత చేయాలి.

భీమారం_కాలనీ:
సార్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఓట్ల సంగతి ఒకటి అడుగుత. బీఎల్వోకు (బూత్ స్థాయి ఓటరు అధికారికి) ఫారం 8 ఇచ్చినం, అసెంబ్లీ జాబితాల అడ్రస్ మారింది కూడా. అయినా బల్దియా జాబితాల పక్క డివిజన్‌లనే చూపిస్తుంది. మళ్లా ఫారం 8 ఇయ్యాల్నా?

బూత్_లెక్క:
ఇయ్యొద్దన్నా, అది బీఎల్వో చేతిలో లేని పని. ఇవి రెండు వేర్వేరు జాబితాలు. అసెంబ్లీ జాబితా ఎన్నికల సంఘానిది. కొత్త ఓటుకు ఫారం 6, తొలగింపుకు 7, మార్పుకు, అడ్రస్ మారడానికి 8. జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబర్ 1, ఈ నాలుగింటిలో ఏ తేదీకి 18 నిండినా ఓటు అడగొచ్చు.

మున్సిపల్ ఎన్నిక వచ్చినప్పుడు ఆ అసెంబ్లీ జాబితానే తీసుకుని డివిజన్ల వారీగా పంచుతరు. ఆ పంపకం చేసేది బల్దియా కమిషనర్ ఆఫీసు, రాష్ట్ర ఎన్నికల సంఘం కింద. ఇంటి నంబర్ల సిరీస్ చూసి పంచుతరు కాబట్టి, ఒకే సిరీస్ రెండు డివిజన్లలో ఉన్న కొత్త కాలనీల్లో ఇట్లాంటి తప్పులు పడతయి. మీ కాడ జరిగింది అదే అనిపిస్తుంది.

సరిదిద్దుకునే వేళ ఒకటే: డివిజన్ల వారీ ముసాయిదా జాబితా పెట్టినప్పుడు ఇచ్చే అభ్యంతరాల గడువు. ఆ గడువు చాలా చిన్నది, కొన్ని రోజులే. బల్దియా ఆఫీసులో, సర్కిల్ ఆఫీసుల్లో జాబితా అంటిస్తరు. అందరూ పేరుందా లేదా చూసి సంతోషపడతరు, డివిజన్ నంబరు చూడరు. ఇప్పుడే ఒక పట్టిక తయారు చేసి పెట్టుకోండి: ఇంటి నంబరు, ఓటరు పేరు, ఓటరు కార్డు నంబరు, అసెంబ్లీ జాబితాలో పార్ట్ నంబరు, వరుస నంబరు, ఇప్పుడు పడిన డివిజన్, పడాల్సిన డివిజన్. దాంతో వీధి స్కెచ్ ఒకటి, ఇంటి పన్ను రసీదులు. ఒక్కొక్కరు విడిగా పోవుడు కంటే ఈ పట్టికతో కలిసి పోతే సిబ్బంది వీధి మొత్తం తిరిగి చూస్తరు. తుది జాబితా వెలువడినంక ఎవరిని పట్టుకున్నా డివిజన్ మారది.

నక్కలగుట్ట_లైన్:
స్తంభం, లైటు రెండూ ఒకే దగ్గర ఉన్నా యజమానులు వేరు. స్తంభం, తీగలు కరెంటు కంపెనీ ఎన్‌పీడీసీఎల్‌వి. దాని మీద బల్బు బల్దియాది. ఒరిగిన స్తంభానికి ఏ మీటింగూ అక్కర్లేదు, ఈరోజే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. వానల్లో స్తంభం మొదలు తడిస్తే అది ప్రాణం మీది సంగతి, సోమవారం దాకా ఆపకూడదు. లైన్‌మన్ వచ్చి తాడు కట్టి పోతే పని అయినట్టు కాదు, కరెంటు ఏఈకి రాతలో ఇవ్వండి. అప్పటికీ కదలకపోతే వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక ఉంది. వకీలు అక్కర్లేదు, ఖర్చు లేదు. అక్కడి తీర్పు నచ్చకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు.

లైట్ల విషయంలో వెలగనివి ఎన్ని అని కాదు, ఎట్లా వెలగట్లేదో రాయండి. వరుసగా ఒక లైన్ మొత్తం పోయిందంటే స్విచ్ లేదా టైమర్ పెట్టె దగ్గర లోపం. ఒకటి విడిచి ఒకటి పోతే బల్బులు. పగలు కూడా వెలుగుతుంటే టైమర్. ఇట్లా రాసిస్తే వచ్చేవాడు సరైన సామాను తెస్తడు, లేకపోతే ఒకసారి చూడటానికి, ఇంకోసారి బాగుచేయడానికి రెండు సార్లు రావాలె.

మీటింగుల మాట వచ్చింది కాబట్టి ఒకటి చేర్చుతున్న. కరెంటు చార్జీల మీద ఈఆర్‌సీ (విద్యుత్ నియంత్రణ మండలి) బహిరంగ విచారణ పెడతది. డిస్కంలు (కరెంటు పంపిణీ కంపెనీలు) వచ్చే ఏడాది లెక్కలు నవంబర్ 30లోగా దాఖలు చేయాలె, తర్వాత పేపర్‌లో ప్రకటన వస్తది. రాతపూర్వక అభ్యంతరం గడువులోపు పంపితే డిస్కం దానికి జవాబు రాయక తప్పదు. హాల్‌లో అరిచినదానికంటే ఆ కాయితానికే విలువ ఎక్కువ.

రంగంపేట_టీచర్:
అది నిజం. పర్యావరణ అనుమతుల ప్రజాభిప్రాయ సేకరణ కూడా అంతే. దగ్గర్లో క్వారీయో, ఫ్యాక్టరీయో వస్తుంటే 30 రోజుల ముందు పేపర్‌లో నోటీసు వేయాలి, నివేదిక తెలుగు సారాంశం కలెక్టరేట్‌లో చదువుకోవడానికి పెట్టాలి, సభ మొత్తం వీడియో తీయాలి, చివర్లో మినిట్స్ స్థానిక భాషలో చదివి వినిపించాలి. జనం భోజనాల వేళకే లేచిపోతారు. కానీ మీరు అన్నది తప్పుగా రాస్తే అభ్యంతరం చెప్పాల్సింది ఆ చదివేటప్పుడే.

మండపం_కట్ట:
గణపతి సంగతి నాకు వదిలేయండి. పండుగకు ముందు ఠాణాల వారీగా శాంతి కమిటీ మీటింగులు పెడతరు, తర్వాత కమిషనరేట్ స్థాయిల బల్దియా, కరెంటు, ఆర్‌అండ్‌బీ, అగ్నిమాపక శాఖలతోటి సమన్వయ సమావేశం. మీరు పోవాల్సింది మీ ఠాణాది. అక్కడికి చేతులూపుకుంట పోవద్దు. ముందుగాల పోలీస్ పోర్టల్‌ల మండపం వివరాలు నమోదు చేయాలె: స్థలం, విగ్రహం ఎత్తు, నిర్వాహకుల పేర్లు, ఫోన్లు, నిమజ్జనం తారీఖు, ఎక్కడ వేస్తరు, ఏ దారిన పోతరు. స్థలం ప్రైవేటుదైతే యజమాని ఒప్పుకున్న కాయితం. కరెంటుకు తాత్కాలిక కనెక్షన్, కొండీ వేసి దొంగ కరెంటు తీసుకున్న మండపానికి ఏమన్నా అయితే పేర్లు ఇచ్చిన నిర్వాహకుల మెడకే చుట్టుకుంటది.

ఎత్తు దగ్గరనే అందరూ బోల్తా పడతరు. విగ్రహం ఎత్తు ఒక్కటే రాస్తరు. ట్రాలీ బెడ్డు, దాని మీద పీఠం, పైన గొడుగు కలిపి కొలవాలె, దారిల అన్నిటికన్నా కిందికి వేలాడే తీగ ఎత్తుతోటి పోల్చాలె. శివనగర్ అండర్‌బ్రిడ్జి లాంటి దారి మీద ఉంటే ఇంకో దారి ముందే అనుకోవాలె. మీ రూట్‌ల తీగలు ఎక్కడ కిందికున్నయో స్తంభం నంబర్లతోటి శాంతి కమిటీల ఇస్తే, అదే కాయితం మీద లైన్‌మన్ పేరు రాయించుకోవచ్చు. ఆ మీటింగ్‌ల అడగదగ్గ అసలు పని అదే, మిగతాదంతా ఉపన్యాసాలు.

మైకు రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బంద్. పండుగలకు 12 దాకా సడలింపు ఇచ్చేది ప్రభుత్వం, అదీ ఏడాదికి 15 రోజులకు మించకుండ. "మా ఎస్సై ఒప్పుకున్నడు" అంటే నడువది.

బతుకమ్మకైతే మీటింగ్ కోసం ఆగొద్దు. బల్దియా పెద్ద జాగాల మీదనే కన్నేస్తది: వేయిస్తంభాల గుడి, పద్మాక్షి గుండం, భద్రకాళి చెరువు, దసరాకు ఉర్సు రంగలీలా మైదానం. కాలనీ పక్క కుంట ఆ జాబితాల ఉండది. పెత్రమాస నాడు ఎంగిలిపూలు (బతుకమ్మ మొదటి రోజు) కాబట్టి, దానికి నెల ముందే బల్దియా ఏఈకి, శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు వేర్వేరు దరఖాస్తులు పెట్టండి. ఏఈకి లైట్లు, మట్టి లెవలింగు, నీళ్ల అంచున బారికేడ్లు. శానిటరీకి గడ్డి కోత, ఆడోళ్లకు మొబైల్ టాయిలెట్, తెల్లారి పూలు ఎత్తుడు. సద్దుల రోజు (బతుకమ్మ ఆఖరి రోజు) ఏదో కూడా తారీఖుతోటి రాయండి, కొన్ని ఊర్లల్ల ఏడో రోజే సద్దులు చేస్తరు, లైట్లోళ్లు తొమ్మిదో రోజుకు వచ్చి నిలబడ్తరు.

పాత_బల్దియా:
మండపం అన్న చెప్పిన నెల గడువు దాటనీయకండి. తాత్కాలిక లైట్లు, బారికేడ్లు టెండర్ మీద వస్తాయి, టెండర్‌లో చోటు పేరు లేకపోతే కాంట్రాక్టర్ అక్కడ బల్బు వేయడు, వేసినా బిల్లు రాదు. అందుకే "పండుగకు ఏర్పాట్లు చేయాలి" అని కాకుండా "టెండర్ జాబితాలో మా కుంట పేరు చేర్చాలి" అని రాయండి.

ఇంకో మాట. మీటింగుకు పదిమంది పోయినా మాట్లాడేది ఒక్కరే ఉండాలి, ఇద్దరు మాట్లాడితే అధికారి ఆ ఇద్దరి మధ్య తేడానే పట్టుకుంటాడు. రసీదులన్నీ ఒకే ఫైలులో, తారీఖుల వరుసలో. కాలువ దరఖాస్తు మాత్రం ఈ సోమవారమే పెట్టేయండి, సంఘం రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఆగొద్దు. వానలు పడుతుండగా ఉమ్మడి తనిఖీకి వస్తే నీళ్లు ఎటు నుంచి ఎటు పోతున్నాయో వాళ్ల కళ్లకే కనబడుతుంది. ఎండాకాలంలో వస్తే పొడి కాలువ చూసి, సమస్యేమీ లేదని రాసి పోతారు.